ఉక్కు పుట్టిన మెట్లు : నిర్మల ప్రాంత లోహవిద్యకు శక్తిచిత్ర వ్యాఖ్య

తెలుగు కన్నడములకు సామాన్యమైన “ఉక్కు” పదమే ఐరోపాలో “ఊట్జ్” అయినదని పలువురు పండితుల తలంపు. 1795లో జార్జి పియర్సన్ లండను రాయల్ సొసైటీకి సమర్పించిన వ్యాసముతో ఆ పదము శాస్త్రలోకమున ప్రచారమునకు వచ్చెను. పదము చేరినది గాని పనివారి చరిత్ర చేరలేదు. ఒకవంక నిర్మల ప్రాంతపు ఇనుపరాయి, వేరొకవంక పారసీక ఖడ్గము: ఈ రెండు కొనలను మాత్రమే చూపు పద్ధతి చాలదని నా మనవి.

బహుసోపాన చర్యలను రసాయనజ్ఞులు శక్తిచిత్రములతో వివరింతురు. అందు అడ్డగీత చర్య నడచిన దూరమును, నిలువుగీత శక్తిని తెలుపును. సోపానమున కొక శిఖరము; శిఖరముల నడిమి లోయ మధ్యస్థ పదార్థము. మొదలు తుదల భేదము వెలువడిన లేక గ్రహింపబడిన శక్తిని మాత్రమే చెప్పును. వేగమును గూర్చి శిఖరములనే అడుగవలెను.

ఈ దృష్టితో కొలిమిని పరికింతము. నిర్మలకు తూర్పుననున్న దిమ్మదుర్తి ప్రాంతపు అయస్కాంతశిల, అనగా మాగ్నెటైటు, ఒక్క గంతున ఇనుము కాదు. సుమారు 570 సెంటిగ్రేడు డిగ్రీలు మించిన వేడిమిలో కార్బన్ మోనాక్సైడు దానిని మొదట ఫెర్రస్ ఆక్సైడుగా మార్చును. ఇది కొద్దిపాటి ఎక్కుడు. ఆ పిదప ఇనుమగుట కొద్దిపాటి దిగుడు. ఫెర్రస్ ఆక్సైడే నడిమి లోయ. ఆ లోయనుండి వేరొక దారియు కలదు: ఇసుకతో కలిసినచో అది చిట్టెమై పోవును. ఊళ్ల వెలుపలి చిట్టెపు దిబ్బలు ఆ ప్రక్కదారికి సాక్ష్యములు. ఇక కార్బన్ డయాక్సైడును బొగ్గుతో మరల మోనాక్సైడుగా మార్చుటకు మోలుకు సుమారు 172 కిలోజౌళ్ల వేడి కావలెను. ఆ వేడిని నిలిపినవి తిత్తులు; తిత్తులను నడిపినవి మనుష్యుల బాహువులు.

ఇట్లు వచ్చిన ఇనుము ఉక్కగుట మరియొక ఘట్టము. నిజామాబాదు జిల్లా కోనసముద్రమున దానిని చూచిన హెన్రీ వెస్లీ వాయిసీ 1824లో మరణించెను. ఆయన వర్ణన 1832లో బెంగాలు ఏషియాటిక్ సొసైటీ పత్రికలో వెలువడెను. ఒక తెగ ఇనుము 3 పాళ్లు, వేరొక తెగ 2 పాళ్లు మూసలలో నుంచి 24 గంటలు తిత్తు లూదుచుండిరట. పిమ్మట ఉక్కుముద్దను పలుమారులు కాచి చల్లార్చుచుండిరి. ఇస్ఫహాను వర్తకు లచటికే వచ్చి కొనుచుండిరి.

ఆర్హీనియస్ 1889లో శిఖరభావమునకు గణితరూప మొసగెను. ఐరింగ్, పొలాన్యీలు 1935లో దానిని విస్తరించిరి. అంతకు పూర్వమే మన కమ్మరులు సిద్ధాంతము నెరిగిరని చెప్పుట అతిశయోక్తి. వారు మంట రంగును, గాలి బలమును, కాలమును ఎరిగిరి. శిఖరమును దాటించుటకు ఆ ఎరుకయే చాలెను.

2010లో బెంగుళూరు జాతీయ ఉన్నతాధ్యయన సంస్థ, ఎక్సెటరు విశ్వవిద్యాలయము కలిసి ఉత్తర తెలంగాణమున కొలిమి స్థలములను పరిశీలించినవి. దిబ్బలు లెక్కకు వచ్చినవి. ప్రతి మెట్టునకు కమ్మరులు పెట్టిన పేర్లు మాత్రము వృద్ధుల నోటనే మిగిలియుండవచ్చును. వానిని సేకరించుట తెలుగు శాఖల పని. కరీంనగరు, ఆదిలాబాదు ప్రాంతములనుండి వచ్చు పరిశోధక విద్యార్థులు ఆలస్యము చేయరాదు.