గూగుల్ కంటే ముందు ఎవరిని అడిగాం?

"సార్, గూగుల్ లేనప్పుడు డౌటొస్తే ఏం చేసేవాళ్ళు?" అని మా పిల్లలు అడుగుతుంటారు. లైబ్రరీకి పోయేవాళ్ళు అంటే సరిపోదు మిత్రులారా. ఎవరు పోయేవాళ్ళు అన్నది అసలు ప్రశ్న.

1914లో బెజవాడలో గ్రంథాలయ మహాసభ జరిగింది. 1935లో పాతూరి నాగభూషణం గారు కాలువ మీద పడవలో పుస్తకాలు తిప్పారు. కొమర్రాజు లక్ష్మణరావు గారు తెలుగులో విజ్ఞాన సర్వస్వం మొదలుపెట్టి, 'అ' అక్షరం దాటకుండానే 1923లో కన్నుమూశారు. గొప్ప పనులే, కాదనను. కానీ అవన్నీ చదువొచ్చినవాళ్ళకి. బడి మెట్టెక్కనివ్వని మనిషికి ఆ 'అ' కూడా అందలేదు కదా!

మన వాడల్లో సందేహం చెవితోనే తీరేది. ఉత్తరం వచ్చినా, నోటీసు వచ్చినా చదివిపెట్టేవాళ్ళ గుమ్మం ముందు నిలబడాలి. వాళ్ళు చదివిందే నిజం. భూమి లెక్క కరణాన్నే అడగాలి. అతను దొర మనిషైతే ఇంక ఎవరిని అడుగుతాం? టీకొట్టులో ఎవరో పేపరు పైకి చదువుతుంటే, వేరే గ్లాసు పట్టుకుని బయట నిలబడి విన్నవాళ్ళున్నారు.

భాగ్యరెడ్డి వర్మ గారికి ఈ సంగతి తెలుసనే నేననుకుంటాను. 1906లో హైదరాబాదులో జగన్మిత్ర మండలి పెట్టి, హరికథలతో జనం దగ్గరికి వెళ్ళారు. తర్వాత బడులు తెరిచారు. 1931లో 'భాగ్యనగర్' పత్రిక తెచ్చారు. ముందు వినిపించి, తర్వాత చదివించి, ఆపైన మన మాట మనమే అచ్చేసుకునే దాకా నడిపించారు.

ఇవాళ జవాబు ఫోన్‌లోనే దొరుకుతోంది. ఆ జవాబు రాసిందెవరో కూడా అడగండి.

ఆ బడుల కథ వచ్చే భాగంలో. జై భీమ్.