పంపు మీది గీత

ఈసారి వ్యాసానికి రాజుల గురించి వద్దన్నారు మా చరిత్ర సారు. "మీ ఇంట్లోవాళ్ళు చేసే పనికి కూడా చరిత్ర ఉంటుంది, అది కనుక్కుని రాయండి" అన్నారు. మా తాత హోసూరులో నలభై ఏళ్ళుగా డీజిల్ పంపు మేస్త్రి. అందుకని నేను ఇంజన్ టైమింగ్ చరిత్ర రాస్తున్నాను.

పోయిన మామిడికాయల కాలంలో ఒకాయన తన పాత పికప్ బండిని ఇంకో బండికి కట్టి లాగించుకుని మా షెడ్డుకు తెచ్చినాడు. రేడియేటర్‌లో నీళ్ళు బుడబుడమని పొంగుతున్నాయి. తాత పంపు దగ్గర లైటు పెట్టి చూసి, "దీన్ని ఎవురు జరిపినారన్నా?" అని అడిగినాడు.

"ఇంకో చోట చేయించినా మేస్త్రీ. డీజిల్ కూడా కొంచెం పెంచినారు. లోడుతో ఎక్కుడు భలే ఎక్కేది. రెండు నెల్లు బాగుండె."

మూడో నెలలో హెడ్ గ్యాస్కెట్ పోయింది. కాయలు దారిలోనే చెడిపోయినాయి. కంతు కట్టాల్సిన డబ్బు రిపేరికి పోయింది.

తాత నన్ను పిలిచి చూపించినాడు. పంపు ఫ్లాంజి మీద ఒక గీత, ఇంజన్ మీద ఒక గీత ఉంటాయి. రెండూ ఎదురెదురుగా ఉండాలి. ఆ బండిలో రెండింటికీ మధ్య మూడు నాలుగు మిల్లీమీటర్ల ఎడం ఉంది. "ఇంత దానికేనా తాతా?" అన్నాను. "ఇంత దానికే" అన్నాడు.

ఆ గీత ఎందుకు?

పెట్రోల్ ఇంజన్‌లో నిప్పు పెట్టడానికి స్పార్క్ ప్లగ్ ఉంటుంది. డీజిల్ ఇంజన్‌లో అది లేదు. పిస్టన్ గాలిని గట్టిగా అదిమితే ఆ గాలే కాలిపోయేంత వేడెక్కుతుంది. సరిగ్గా అప్పుడు డీజిల్ చల్లితే దానంతట అదే అంటుకుంటుంది. కాబట్టి ఎప్పుడు చల్లాలి అన్నదే టైమింగ్.

చల్లిన వెంటనే డీజిల్ అంటుకోదు. ఆవిరై, గాలిలో కలిసి, మండడానికి కొంచెం సమయం కావాలి. అందుకే పిస్టన్ పైకి చేరడానికి కొన్ని డిగ్రీల ముందే చల్లుతారు. నిమిషానికి 2400 చుట్లు తిరిగే ఇంజన్ ఒక సెకనులో 40 చుట్లు, అంటే 14,400 డిగ్రీలు తిరుగుతుంది. ఒక డిగ్రీ అంటే సెకనులో 14,400వ వంతు! పైగా పంపు, ఇంజన్ తిరిగే వేగంలో సగం వేగంతోనే తిరుగుతుంది. పంపు దగ్గర ఒక డిగ్రీ జరిపితే ఇంజన్‌లో రెండు డిగ్రీలు జరిగినట్టు.

ఆలస్యంగా చల్లితే పిస్టన్ కిందికి దిగిపోతుండగా డీజిల్ మండుతుంది. బలం తగ్గి, వేడంతా సైలెన్సర్ దారిన పోతుంది. కొంచెం ముందుగా చల్లితే బలం పెరుగుతుంది. మరీ ముందుగా చల్లితే పిస్టన్ ఇంకా పైకి వస్తుండగానే మంట దాన్ని కిందికి తోస్తుంది. సిలిండర్‌లో ఒత్తిడి హద్దు దాటుతుంది. ఆ దెబ్బ హెడ్డుకు, గ్యాస్కెట్‌కు, పిస్టన్‌కు తగులుతుంది. మామిడికాయల బండికి జరిగింది అదే.

జర్మనీలో మొదలైన కథ

రుడాల్ఫ్ డీజిల్ 1858లో ప్యారిస్‌లో పుట్టిన జర్మన్ ఇంజనీరు. ఆ కాలపు ఆవిరి యంత్రాలు బొగ్గులోని శక్తిలో చాలా కొద్ది భాగాన్నే పనికి వాడుకుని మిగతాదంతా వృథా చేసేవి. దానికి మార్గం చూపిస్తానని ఆయన 1892లో పేటెంట్‌కు దరఖాస్తు పెట్టాడు. 1893 ఆగస్టు 10న ఆగ్స్‌బర్గ్‌లోని ఫ్యాక్టరీలో మొదటి ఇంజన్‌ను పరీక్షించారు. ఇంధనం అంటుకుంది కానీ, ఒత్తిడిని కొలిచే పరికరం పేలి ముక్కలు ఎగిరాయి. దగ్గరున్నవాళ్ళకు ప్రాణాపాయం తప్పింది. అయినా ఆయన వదల్లేదు. 1897 ఫిబ్రవరిలో ప్రొఫెసర్ మోరిట్జ్ ష్రోటర్ పరీక్షించినప్పుడు ఆ ఇంజన్ ఇంధనంలోని శక్తిలో 26.2 శాతాన్ని పనిగా మార్చింది.

ఆ ఇంజన్‌లో పెద్ద కంప్రెసర్ పెట్టి, దాని గాలితో ఇంధనాన్ని లోపలికి ఊదించేవారు. ఆ బరువు ఓడలకు, ఫ్యాక్టరీలకు సరిపోయింది, రోడ్డు మీద బండికి కాదు. రుడాల్ఫ్ డీజిల్ 1913 సెప్టెంబరులో ఓడ ప్రయాణంలో కనిపించకుండా పోయి చనిపోయాడు. తన ఇంజన్ లారీలకెక్కి ఊరూరా తిరగడం ఆయన చూడలేదు.

ఆ పని చేసింది ఇంజెక్షన్ పంపు. రాబర్ట్ బాష్ కంపెనీ 1922లో దాని మీద పని మొదలుపెట్టి, 1927లో పెద్ద ఎత్తున తయారు చేయసాగింది. సిలిండర్‌కు ఒకటి చొప్పున సన్నటి ప్లంజర్లు, వాటిని వరసగా ఎత్తే కామ్ షాఫ్ట్. గాలి అవసరం లేకుండా ఆ ప్లంజరే డీజిల్‌ను తోస్తుంది. ఇక టైమింగ్ అంటే పంపును ఇంజన్‌తో ఏ కోణంలో కలిపామన్నదే. మా తాత చూపించిన గీత అప్పటినుంచి వచ్చిందే.

మన వైపు ఆ పంపులను తెచ్చింది 1951లో ఏర్పడిన మైకో కంపెనీ. వాళ్ళ ఫ్యాక్టరీ మాకు దగ్గరే, బెంగళూరు ఆడుగోడిలో ఉండేది. తాత ఇప్పటికీ ఏ పంపునైనా "మైకో పంపు" అనే అంటాడు. ఆయన టైమింగ్ కట్టే పద్ధతి చూడముచ్చటగా ఉంటుంది. మొదటి సిలిండర్ పంపు మీద కొంగ మెడలా వంగిన చిన్న గొట్టం బిగించి, ఇంజన్‌ను చేత్తో మెల్లగా తిప్పుతాడు. ధారగా కారే డీజిల్ చుక్కలై ఆగుతుంది. ఆ ఆగిన క్షణమే అసలు టైమింగ్.

అమెరికా పికప్పులు

మా షెడ్డుకు వచ్చే టాటా లారీల్లో కొన్నిటికి 5.9 లీటర్ల కమిన్స్ ఇంజన్ ఉంటుంది. కమిన్స్ 1919లో అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో మొదలైన కంపెనీ. లారీలకు, పొలం యంత్రాలకు చేసిన ఆ ఆరు సిలిండర్ల ఇంజన్‌నే 1989లో అక్కడి డాడ్జ్ పికప్ బండికి అమర్చారు. అప్పుడు దాని బలం 160 హార్స్‌పవర్.

1994లో దానికి పీ7100 అనే బాష్ పంపు వచ్చింది. అంతా మెకానికల్, కంప్యూటర్ లేదు. కుర్రవాళ్ళకు అది పండగైపోయింది. డీజిల్ పెంచడం, టైమింగ్ ముందుకు జరపడం మొదలుపెట్టారు. కంపెనీ నుంచి 12, 14 డిగ్రీల ప్రాంతంలో వచ్చేదాన్ని 16, 18 దాకా, పందేల బండ్లకైతే ఇంకా పైకి తీసుకుపోయేవారు. ఎక్కువ డీజిల్ పోస్తే, ఎక్కువ వేగంగా తిప్పితే మండడానికి సమయం చాలదు. అందుకని ముందుగా చల్లడం.

పద్ధతి మా తాతదానికి దగ్గరగానే ఉంటుంది. చుక్కలకు బదులు డయల్ గేజితో ప్లంజర్ ఎంత ఎత్తు లేచిందో కొలుస్తారు. కావలసిన ఎత్తు వచ్చినచోట పంపు గేరును షాఫ్ట్ నుంచి వదులు చేసి, మొదటి పిస్టన్‌ను పైకి తెచ్చి, మళ్ళీ బిగిస్తారు. ఆ షాఫ్ట్ ఏటవాలుగా ఉంటుంది, గేరును పట్టి ఉంచేది ఆ బిగువు మాత్రమే. అక్కడ కొంచెం నూనె మిగిలినా గేరు జారి, కట్టిన టైమింగ్ అంతా పోతుంది. బలం పెంచిన బండికి హెడ్డు బోల్టులు కూడా గట్టివి మార్చాలని అక్కడివాళ్ళూ గ్యాస్కెట్లు పోగొట్టుకునే నేర్చుకున్నారు.

గాలికి తగిలిన దెబ్బ

1998 మధ్యలో ఆ పికప్‌లో కంప్యూటర్ నడిపే పంపు వచ్చింది. ఇక గీత చెరిగిపోయి, టైమింగ్ కంప్యూటర్ లెక్కలోకి పోయింది. టైమింగ్ ముందుకు జరిపితే డీజిల్ ఆదా అవుతుంది. కానీ మంట వేడి పెరిగి గాలిని పాడుచేసే నైట్రోజన్ ఆక్సైడ్లు ఎక్కువ పుడతాయి. అందుకే పొగ చట్టాలు వచ్చాక కంపెనీలు టైమింగ్‌ను వెనక్కి జరపాల్సి వచ్చింది.

అదే సంవత్సరం అక్టోబరులో అమెరికాలో పెద్ద కేసు ఒకటి ఒప్పందంతో ముగిసింది. పెద్ద లారీల ఇంజన్లు పరీక్షలో ఒకలాగ, హైవే మీద ఇంకోలాగ టైమింగ్ మార్చుకునేలా కంప్యూటర్ ఏర్పాటు చేశారని ప్రభుత్వం ఆరోపించింది. కమిన్స్‌తో సహా ఏడు కంపెనీల మీద 8.34 కోట్ల డాలర్ల జరిమానా పడింది. ఆదా అయిన డీజిల్ ఖర్చును ఆ గాలి పీల్చినవాళ్ళు భరించారన్నమాట.

ఇది చదివి వినిపిస్తే తాత నవ్వినాడు. "అంత పెద్ద కంపెనీలు కూడా గీత జరిపినాయంటావు!" అన్నాడు.

2003 నుంచి ఆ పికప్‌లో కామన్ రైల్ ఇంజన్ వచ్చింది. ఇప్పుడు మన రోడ్ల మీదికి వచ్చే కొత్త బండ్లూ అవే. వాటికి జరపడానికి గీత లేదు, ల్యాప్‌టాప్ తగిలించి చూడాలి. తాతకు అది రాదు. ఆ బండ్లు వస్తే మా నాయన చూస్తాడు. తాత పక్కన నిలబడి ఇంజన్ శబ్దం వింటాడు. "కొంచెం ముందుగా కొడతాంది" అంటాడు. ఒకసారి నాయన స్క్రీన్ చూసి, "అవును నాయనా" అన్నాడు. ఆ రోజు తాత రెండు టీలు తాగినాడు.

మామిడికాయల ఆయన బండికి హెడ్డు చదును చేయించి, కొత్త గ్యాస్కెట్ వేసి, తాత పంపును వెనక్కి తిప్పి రెండు గీతలనూ కలిపినాడు. "మునుపటి మాదిరి లాగదు కదా మేస్త్రీ?" అన్నాడాయన దిగులుగా.

"లాగదన్నా. ఇంటికి మాత్రం చేరుస్తుంది" అన్నాడు తాత.