ముసుగు ధరించి మాట్లాడిన వైద్యుడు

1972 మే 2వ తేదీ. అమెరికాలోని డల్లాస్ నగరంలో మనోవైద్యుల వార్షిక మహాసభ జరుగుతోంది. స్వలింగ ప్రేమికులకు మనోవైద్యం మిత్రమా, శత్రువా అన్నది ఆనాటి చర్చ. వేదికపై ఒక వక్త ముఖానికి రబ్బరు ముసుగు, తలకు విగ్గు, ఒంటికి బాగా వదులైన సూటు ధరించి కూర్చున్నారు. గొంతు పోల్చుకోకుండా మైకులో ధ్వనిని సైతం మార్చారు. తాను స్వలింగ ప్రేమికుడిననీ, మనోవైద్యుడిననీ ఆయన సాటి వైద్యుల ఎదుట ప్రకటించారు.

ఇదేదో నాటకమని మీరు అనుకోవచ్చు. ఆయన పేరు జాన్ ఫ్రయర్. శిక్షణ పొందుతున్న రోజుల్లోనే ఈ కారణంగా ఒక విశ్వవిద్యాలయాన్ని వీడవలసి వచ్చింది. అప్పుడున్న ఉద్యోగమూ శాశ్వతం కాదు.

స్వలింగ ప్రేమను అమెరికా మనోవైద్యులు 1952లో మానసిక వ్యాధుల పట్టికలో చేర్చారు. నయం చేస్తామంటూ విద్యుత్ షాకులిచ్చారు, వాంతి మందులిచ్చారు. ఆధారమేమిటి? చికిత్సాలయాలలోనూ, జైళ్లలోనూ తారసపడినవారిని చూసి అందరికీ అంటగట్టిన అభిప్రాయం. జ్వరాల ఆసుపత్రిలో కూర్చుని ఊరంతటికీ జ్వరమని తేల్చడం వంటిదే ఇది. ఎవెలిన్ హుకర్ అనే మనస్తత్వవేత్త చికిత్సతో సంబంధం లేని 30 మంది స్వలింగ ప్రేమికులను, మరో 30 మంది ఇతర పురుషులను పరీక్షించారు. ఎవరు ఎవరో తెలియకుండా ఫలితాలను నిపుణులకిస్తే, వారు తేడా పట్టలేకపోయారు. అది 1957 నాటి మాట. అయినా పట్టిక మారడానికి 1973 డిసెంబరు దాకా ఆగవలసి వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు 1990 వరకు పట్టింది.

వ్యాధి పేరు పోయినంత మాత్రాన వైద్యుని తలుపు తెరుచుకోలేదు. జార్జియా రాష్ట్రవాసి రాబర్ట్ ఈడ్స్ స్త్రీగా పుట్టి పురుషునిగా జీవించిన ట్రాన్స్‌జెండర్ వ్యక్తి. ఆయనకు అండాశయ క్యాన్సర్ వచ్చింది. పన్నెండు మందికి పైగా వైద్యులు చికిత్సకు నిరాకరించారు. గడ్డం ఉన్న రోగి తమ నిరీక్షణ గదిలో కూర్చుంటే తక్కిన రోగులు ఇబ్బంది పడతారట! ఎవరో ఒకరు చేర్చుకునేసరికి వ్యాధి ముదిరింది. 1999 జనవరిలో మరణించారు.

మన సంగతి? మద్రాసు హైకోర్టు కలుగజేసుకున్న తరువాతనే, 2021లో, వైద్య పాఠ్యపుస్తకాలలోని కించపరిచే వర్ణనలపై జాతీయ వైద్య కమిషన్ కళాశాలలను హెచ్చరించింది. లైంగికతను "మార్చే" చికిత్సలను 2022లో వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా ప్రకటించింది.

ఆ వర్ణనలను కంఠస్థం చేసిన తరం మాది. స్వలింగ ప్రేమ వికృతి అని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి. నలభై ఏళ్ల ప్రాక్టీసులో ఒక్క రోగి కూడా ఈ విషయం నాతో చెప్పుకోలేదు. నేను అడగనూ లేదు. అటువంటివారు మా ఊళ్లో లేరనే చాలాకాలం అనుకున్నాను.