చిన్న బల్ల మీద రైలు బండి: ఒక వేడుక చరిత్ర, నా అనుభవం

ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాసి ఇమ్మని కార్యదర్శి గారు రెండుసార్లు కబురు చేశారు. పింఛను నిబంధనల గురించి, డి.ఎ. బకాయిల గురించి వ్రాయడానికి నాకంటే సమర్థులు మన సంఘంలో చాలామంది ఉన్నారు. అందుచేత, ఉద్యోగ విరమణ తరువాత నాకు అబ్బిన ఒక పిచ్చిని గురించి, దాని వెనుకనున్న నూరేళ్ళకు పైబడిన చరిత్రను గురించి నాలుగు మాటలు విన్నవించుకుంటాను. అది నమూనా రైళ్ళ పిచ్చి. "డెబ్భై దాటాక బొమ్మ రైలా?" అని నవ్వేవారు ముందుగా నవ్వేసి, తరువాత చదవవలసిందిగా మనవి.

ఈ విద్యకు పుట్టినిల్లు జర్మనీ. గోపింగెన్ అనే ఊళ్ళో మార్క్‌లిన్ కుటుంబం 1859లో రేకుతో బొమ్మరిళ్ళ వంటసామాను చేసే వ్యాపారం మొదలుపెట్టింది. ఆ కంపెనీ 1891లో లైప్‌జిగ్ సంతలో తాళం చెవి తిప్పితే నడిచే రైలును, దానితోపాటు విడివిడిగా అమర్చుకోగల పట్టాలను ప్రదర్శించింది. బొమ్మ రైళ్ళు అంతకుముందూ ఉన్నాయి. అయితే పట్టాల మధ్య దూరానికి ఒక లెక్క పెట్టి, వాటికి నంబర్లు ఇచ్చి, ఈ ఏడాది కొన్న పెట్టెకు వచ్చే ఏడాది మరికొన్ని ముక్కలు కలుపుకునే ఏర్పాటు చేయడం వారి గొప్పతనం. కొంచెంతో మొదలుపెట్టి కలుపుకుంటూ పోవడమనే సూత్రం ఆనాటి నుంచే ఈ వేడుకకు పునాది అయింది.

ఆ నంబర్లలో ఒకటో నంబరు పట్టాల మధ్య దూరం 45 మిల్లీమీటర్లు. దానికంటె చిన్నది కావలసి వచ్చినప్పుడు ఒకటికి కింద ఏమున్నది? సున్నా. అందుచేత 32 మిల్లీమీటర్ల దానికి సున్నా అని పేరు పెట్టారు. ఇంకా చిన్నది వచ్చినప్పుడు రెండు సున్నాలు పెట్టారు. సున్నాలో సగం అన్న అర్థంలో మరొకటి హెచ్.ఓ. అయింది. ఈ వేడుక చరిత్ర అంతా ఒక విధంగా చిన్నదవుతూ వచ్చిన చరిత్రే. బండి చిన్నదైన కొద్దీ దాన్ని ఇంట్లో పెట్టుకోగలిగినవాళ్ళ సంఖ్య పెద్దదైంది.

మొదట్లో ఇది కలవారి ముచ్చట. మన దేశంలో దీనికి సాక్ష్యం గ్వాలియర్ జయవిలాస్ రాజభవనంలో ఉన్నది. అక్కడి భోజనబల్ల మీద వెండి రైలు పట్టాల మీద తిరుగుతూ అతిథులకు పానీయాలు, చుట్టలు అందించేదట. సామాన్యుడి ఇంటికి రైలు రావాలంటే దాన్ని తయారుచేసేవాడికి సామాన్యుడి సంగతి తెలిసి ఉండాలి. అలాంటివాడు మనవంటి గుమస్తా కావడం నాకు చాలా సంతోషం కలిగించిన విషయం.

ఆయన పేరు ఫ్రాంక్ హార్న్‌బీ. 1863లో ఇంగ్లండులోని లివర్‌పూల్‌లో పుట్టాడు. మాంసం దిగుమతి చేసుకునే ఒక వర్తకుని వద్ద పద్దులు వ్రాసేవాడు. ఇంజనీరింగు చదువు లేదు. తన పిల్లల కోసం ఇంట్లో రేకు ముక్కలు కత్తిరించి, వాటికి సమాన దూరంలో బెజ్జాలు వేసి, మరలతో బిగించే ఆటవస్తువును తయారుచేశాడు. 1901లో దానికి పేటెంటు సంపాదించాడు. తరువాత అదే మెకానో అయింది. 1920లో ఆయన కంపెనీ హార్న్‌బీ రైళ్ళను విడుదల చేసింది. పద్దుల పుస్తకం పక్కన పెట్టిన ఆ గుమస్తా 1931లో పార్లమెంటు సభ్యుడు కూడా అయ్యాడు, 1936లో కాలం చేశాడు. మన ఆఫీసుల్లో లెడ్జర్ల వెనకాల ఎంతమంది హార్న్‌బీలు రిటైరై పోయారో ఎవరు చెప్పగలరు?

సున్నా నంబరు బండి కూడా గది నిండా పట్టాలు అడుగుతుంది. 1922లో న్యూరెంబర్గులోని బింగ్ కంపెనీ, ఇంగ్లండులోని బాసెట్-లోక్‌తో కలిసి, దాదాపు అందులో సగం కొలతతో బల్ల రైలును తెచ్చింది. గది నేల మీద నుంచి రైలు భోజనబల్ల మీదికి ఎక్కింది. 1935లో జర్మనీలో ట్రిక్స్, మార్క్‌లిన్ కంపెనీలు విద్యుత్తుతో నడిచే చిన్న రైళ్ళను తెచ్చాయి. 1938లో హార్న్‌బీ డబ్లో వచ్చింది. పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్ల వద్ద స్థిరపడింది. ఆ తరువాత 1960 దశకంలో ఆర్నాల్డ్ వారి 9 మిల్లీమీటర్ల ఎన్, 1972లో మార్క్‌లిన్ వారి 6.5 మిల్లీమీటర్ల జెడ్ వచ్చాయి. అయినా ఇప్పటికీ ఎక్కువమంది మొదలుపెట్టేది 16.5 తోనే.

అమెరికాలో కథ ఇంకొక దారి పట్టింది. అక్కడ ప్లైవుడ్డు 8 అడుగులకు 4 అడుగుల కొలతలో దొరుకుతుంది. హెచ్.ఓ. బండి తిరగడానికి 18 అంగుళాల వ్యాసార్ధం గల వంపు కావాలి, అంటే మూడు అడుగుల పైచిలుకు వెడల్పు. నాలుగు అడుగుల పలకలో అది సరిగ్గా ఇముడుతుంది. అందుచేత మొదటి రైల్వే అంటే ఒక ప్లైవుడ్డు పలక అన్న అలవాటు స్థిరపడింది.

ఇక్కడ నా స్వంత గొడవ చెప్పాలి. మా అబ్బాయి అమెరికా నుంచి వస్తూ ఒక రైలు పెట్టె తెచ్చాడు. మనవడి కోసం తెచ్చానన్నాడు గాని, వాడికంటె ముందు నేనే విప్పాను. రాజమండ్రి వాడిని కనుక, పాత గోదావరి వంతెనను మొత్తం కట్టాలని నా కోరిక. 1897లో మొదలై 1900లో పూర్తయి, 1997 వరకు బండ్లను మోసిన హేవ్‌లాక్ వంతెన అది. ఒక్కొక్కటి 150 అడుగుల చొప్పున 56 కమానులు. ఆ ఉత్సాహంలో 8 అడుగుల ప్లైవుడ్డు పలక కొని, హాలులో రెండు బల్లల మీద పరిపించాను. "ఎవరి పెళ్ళి భోజనాలు?" అని అడిగింది మా ఆవిడ.

ఆ తరువాత మూడు తప్పులు వరసగా జరిగాయి. మొదటిది, పెట్టెతో వచ్చిన కరెంటు డబ్బా అమెరికాలోని 120 వోల్టులకు చేసినది. చూసుకోకుండా మన 230 వోల్టుల ప్లగ్గులో పెట్టాను. పొగ వచ్చింది, రైలు రాలేదు. రెండవది, అడుగున చట్రం లేకుండా పరిచిన పలక వర్షాకాలంలో అప్పడంలాగా వంగింది. మూడవది, లెక్క వేయకుండా మొదలుపెట్టడం. జీవితమంతా లెక్కలు సరిచూసినవాడిని, ఇంట్లో మాత్రం తరువాత వేశాను. 150 అడుగుల కమాను 87వ వంతులో సుమారు 21 అంగుళాలు. యాభై ఆరు కమానులకు దాదాపు 97 అడుగులు. మా ఇల్లు వీధి గుమ్మం నుంచి పెరటి గోడ దాకా కలిపినా అంత లేదు. పలకను మేడ మీద గదిలో గోడకు ఆనించి, ఏడాదిన్నర దాని మొహం చూడలేదు.

తిరిగి మొదలుపెట్టించినది చరిత్రే. చదువుతూ పోగా, ఇంగ్లండులో యుద్ధం తరువాత ఇరుకు ఇళ్ళలో ఉన్నవాళ్ళు ఈ చిక్కును ఎలా విప్పుకున్నారో తెలిసింది. రైల్వే మోడలర్ పత్రికకు చాలాకాలం సంపాదకుడుగా ఉన్న సిరిల్ ఫ్రీజర్ 1957లో మైనరీస్ అనే నక్షాను ప్రకటించాడు. పట్నంలోని రద్దీ టెర్మినస్‌ను, మధ్యకు మడిచి అటక మీద పెట్టుకోగల సన్నని పలక మీద ఇమిడ్చాడు. గుండ్రంగా తిరగడం మానేసి, స్టేషనులో జరిగే పనిని చూపిస్తే స్థలం మిగులుతుందన్నది అందులోని కీలకం. అలన్ రైట్ అనే ఆయన ఇంకా తగ్గించి ఇంగిల్‌నుక్ సైడింగ్స్ చేశాడు. రెండే పాయింట్లు, మూడే లైన్లు. ఒక లైనులో ఐదు వ్యాగన్లు, మిగతా రెండింటిలో మూడేసి పడతాయి. ముందుకు లాగే లైనులో ఇంజనుతోపాటు మూడు వ్యాగన్లకే చోటు. మొత్తం ఎనిమిది వ్యాగన్లలోంచి చీటీలు తీసి, వచ్చిన ఐదింటిని వచ్చిన వరసలో ఒక బండిగా కూర్చాలి. ఎనిమిదింటిలోంచి ఐదింటిని వరసగా తీసే విధాలు 6,720. ఐదు అడుగుల చెక్క మీద ఒకే ఆట మళ్ళీ రావడం అరుదు. అమెరికాలో జాన్ అలెన్ కూడా ఇటువంటి షంటింగు చిక్కునే 1972లో టైమ్‌సేవర్ అనే పేరుతో ప్రకటించాడు.

ఇది చదివినప్పుడు నాకు మా సెక్షను గుర్తు వచ్చింది. కింద ఉన్న ఫైలు పైకి రావాలంటే పైన ఉన్నవాటిని ఎక్కడో పెట్టాలి, పెట్టే చోటు తక్కువ. ముప్పై ఐదేళ్ళు చేసిన పనే!

పాత పలకలోంచి ఐదు అడుగుల పొడవు, అడుగు వెడల్పు ముక్క కోయించి, అడుగున టేకు రీపర్లతో చట్రం కొట్టించాను. తెలిసిన టీవీ మెకానిక్కు చేత 12 వోల్టుల డి.సి. కంట్రోలు పెట్టించాను. సూత్రం సులువే. రెండు పట్టాలలో ఒకటి ప్లస్, ఒకటి మైనస్. వోల్టులు పెంచితే వేగం పెరుగుతుంది, ప్లస్ మైనస్‌లు తారుమారు చేస్తే బండి వెనక్కు నడుస్తుంది. మా అబ్బాయి మళ్ళీ వచ్చినప్పుడు నాలుగు చక్రాల చిన్న వ్యాగన్లు ఎనిమిది తెచ్చాడు. రెండు నెలల్లో పని పూర్తయింది. పూర్తయింది అన్న మాట అనగలగడం ఈ వయస్సులో ఎంత బలమో అనుభవించినవారికి తెలుస్తుంది.

మా వీధిలో రైల్వే గూడ్సు షెడ్డులో పనిచేసి రిటైరైన మిత్రుడొకరు ఉన్నారు. భార్య పోయిన తరువాత ఆయన ఇల్లు కదలడం మానేశారు. ఒక సాయంకాలం బలవంతాన తీసుకువచ్చి బల్ల చూపించాను. రెండు నిమిషాలు చూసి, "ఏమండీ గుమస్తా గారూ, మా షెడ్డులో ఇలా షంటింగు చేస్తే చార్జిషీటు ఇచ్చేవారు. లేవండి" అని నా కుర్చీలో కూర్చున్నారు. నేను ఇరవై ఎత్తులలో చేసినదాన్ని ఆయన పదకొండులో చేశారు. మరునాడు పిలవకుండానే వచ్చారు. ఇప్పుడు వారానికి నాలుగు సాయంకాలాలు వస్తున్నారు, చీటీలు మనవడు తీస్తాడు. ఆ మధ్య మన సంఘం నెలవారీ సమావేశానికి కూడా నాతో వచ్చి వెనక వరసలో కూర్చున్నారు.

ఈ వేడుకను పిల్లకాయల ఆటగా తీసిపారేయలేమని చెప్పడానికి మరొక్క ముచ్చట. మన ఇళ్ళలో కంప్యూటరు ఉద్యోగం చేసే పిల్లలు లేని ఇల్లు అరుదు గదా. అమెరికాలోని ఎం.ఐ.టి.లో 1946లో విద్యార్థులు నమూనా రైల్వే క్లబ్బు పెట్టుకున్నారు. టెలిఫోను ఎక్స్ఛేంజీల రిలేలతో పాయింట్లను, లైన్లను నడిపే పద్ధతులు కట్టారు. బల్ల కింద వైర్లతో తంటాలు పడిన ఆ కుర్రవాళ్ళలో కొందరు 1950ల చివరలో అక్కడికి వచ్చిన కంప్యూటర్ల మీద పడ్డారు. హ్యాకర్ అనే మాట కంప్యూటరు లోకానికి వచ్చినది ఆ క్లబ్బు భాషలోంచే. మన దేశంలో పుణేలో భావూసాహెబ్ జోషీ గారి చిన్న రైళ్ళ మ్యూజియం 1998 నుంచి ప్రజలకు తెరిచి ఉన్నది. అటువైపు వెళ్ళినవారు మనవలను తీసుకువెళ్ళవచ్చు.

మొదలుపెట్టదలచిన మిత్రులకు మూడు మాటలు. పలక కొనకముందు పట్టాల కొలతలను కాగితం మీద గీసి, కత్తిరించి, నేల మీద పరిచి చూసుకోండి. కరెంటు డబ్బా మీద ఎన్ని వోల్టులకు చేసినదో రెండుసార్లు చదవండి. పట్టాలను, చక్రాలను తుడుస్తూ ఉండండి. బండి ఆగిపోయినప్పుడు ముందు చూడవలసినది దుమ్మునే.

ఇక నా వంతెన సంగతి. మొన్న రెండు అడుగుల ముక్క ఒకటి అదనంగా చేసి, పొడుగు లైను చివర బిగించాను. ఇంట్లో పేరుకున్న పెళ్ళి శుభలేఖల అట్టలు కత్తిరించి, దాని మీద ఒక్క కమాను కట్టాను. సరిగ్గా 21 అంగుళాలు. చీటీల ప్రకారం కూర్చిన ఐదు వ్యాగన్లు దాని మీద నిలబడతాయి. మిగిలినవి యాభై ఐదు. అవి కట్టే ఉద్దేశం నాకు లేదు. మిత్రులెవరైనా సాయంకాలం మా ఇంటికి వస్తే, గోదావరి మీద ఆ ఒక్క కమాను మేరకు బండి నడిపి చూపిస్తాను. కాఫీ మా ఆవిడ ఇస్తుంది.