పద్యనాటక రంగంలో గుత్త పద్ధతి: 'పేరు' సరుకైన చరిత్ర

వ్యాససంగ్రహం

తిరునాళ్ల వేదికలను సినీగాయకుల పేర్లు ఆక్రమించడాన్ని ఇటీవలి పతనంగానూ, దానికి ముందున్న పద్యనాటకాన్ని వ్యాపార స్పర్శ లేని కళగానూ భావించడం పరిపాటి. ఈ భావన చరిత్రకు నిలవదు. పేరున్న గాయకుణ్ణి ముందు నిలిపి టిక్కెట్టు అమ్మే పద్ధతిని పద్యనాటకమే పల్లెకు అలవాటు చేసింది. ఆ పద్ధతి వల్ల ఒరిగినదేమిటో, పోయినదేమిటో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: పద్యనాటకం, కంట్రాక్టు నాటకం, నాటక సమాజం, పరిషత్తు, తిరునాళ్లు.

1. ఉపోద్ఘాతం

చింతలపూడి మెట్ట ప్రాంతమూ నూజివీడు మామిడి సీమా 2022 నుంచి ఒకే ఏలూరు జిల్లాలో ఉన్నాయి. ఇక్కడి తోటల లావాదేవీల్లో గుత్త పద్ధతి ఒకటి. కాయ కోతకు రాకముందే, ఒక్కోసారి పూత దశలోనే, వ్యాపారి తోటను గుత్తకు తీసుకుంటాడు. తోటలో ఎన్ని రకాల చెట్లున్నా బేరం నడిచేది మార్కెట్లో పేరున్న రసాలు, బంగినపల్లి కాపును చూసుకునే. గత శతాబ్దిలో నాటకరంగంలో ప్రవేశించిన కంట్రాక్టరు చేసిన పని కూడా ఇటువంటిదే. అతడు నాటకాన్ని గుత్తకు తీసుకోలేదు; నటుడి పేరును తీసుకున్నాడు.

2. సమాజం నుంచి వ్యక్తికి

1880లలో కందుకూరి వీరేశలింగం, ధర్మవరం రామకృష్ణమాచార్యులు మొదలైన వారి కృషితో ఆధునిక తెలుగు రంగస్థలం రూపు దిద్దుకొన్నప్పుడు దానికి ఆధారం నాటక సమాజం. 1885లో కడప జిల్లా సురభిలో పుట్టిన కుటుంబ నాటకరంగం ఇందుకు బలమైన ఉదాహరణ. నాయక పాత్రధారి నుంచి తెర లాగే మనిషి వరకు అక్కడ అందరూ ఒకే కుటుంబానికి చెందినవారు. నూజివీడుకు సమీపంలోని మైలవరంలో జమీందారు పోషణతో వెలసిన బాలభారతి నాటక సమాజం 'మైలవరం కంపెనీ'గా ప్రసిద్ధి పొందింది. నటులు, హార్మోనిస్టు, దుస్తులు, తెరలు అన్నీ ఆ సమాజానివే.

అయితే వ్యక్తి పేరు సమాజం పేరును మించే క్రమం అక్కడే మొదలైంది. యడవల్లి సూర్యనారాయణ, కపిలవాయి రామనాథశాస్త్రి వంటి నటగాయకుల కోసమే నాటకానికి వెళ్లే ప్రేక్షకులు తయారయ్యారు. కపిలవాయి పద్యాలు గ్రామఫోను రికార్డుల ద్వారా, ఆయన అడుగుపెట్టని ఊళ్లకు కూడా చేరాయి. మనిషికి ముందే గొంతు చేరిన ఊళ్లో ఆ మనిషి పేరుకు వెల ఏర్పడుతుంది. ఆ వెలను లెక్కగట్టగలిగినవాడే కంట్రాక్టరు.

3. కంట్రాక్టు నాటకం: పనితీరు

కంట్రాక్టరు వేర్వేరు ఊళ్ల నుంచి పేరున్న నటులకు బయానా ఇచ్చి ఒక రాత్రికి రప్పిస్తాడు. పందిరి, దడి, దీపాలు, హార్మోనియం, కరపత్రం, టిక్కెట్లు అతని బాధ్యత. జనం రాకపోతే నష్టమూ అతనిదే. నటులు కలుసుకొనేది ఆ రాత్రి వేదిక మీదనే కాబట్టి పూర్వాభ్యాసానికి తావుండదు. అయినా నాటకం నడిచేది. అందుకు కారణం, తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగ విజయములు, బలిజేపల్లి లక్ష్మీకాంతం సత్య హరిశ్చంద్రీయము వంటి నాటకాలు నటులందరికీ కంఠస్థం కావడం. ఉమ్మడి సొత్తుగా మారిన పద్యమే ఈ వ్యాపారానికి పెట్టుబడి అయింది.

ఈ పద్ధతి స్వభావం ఒక విషయంలో స్పష్టంగా కనిపిస్తుంది. ఒకే రాత్రి పడక సీనుకు ఒక కృష్ణుడు, రాయబారానికి మరొక కృష్ణుడు వచ్చేవారు. హరిశ్చంద్రుడూ అంతే, కాటి సీనుకు వేరొక నటుడు ఉండేవాడు. ముఖం మారినా, గొంతు మారినా ప్రేక్షకుడికి ఇబ్బంది లేదు. అతడు కృష్ణ పాత్ర కోసం రాలేదు. పీసపాటి నరసింహమూర్తి కోసమో, షణ్ముఖి ఆంజనేయరాజు కోసమో వచ్చాడు. పద్యం చివర రాగాలాపన సాగినకొద్దీ 'వన్స్ మోర్' కేకలు లేచేవి. చనిపోవలసిన పాత్ర కూడా లేచి పద్యం మళ్లీ పాడవలసి వచ్చేదన్న హాస్యోక్తి పుట్టింది ఈ వాతావరణంలోనే.

సినిమా ఈ పద్ధతిని కనిపెట్టలేదు, అందిపుచ్చుకొంది. 1932 నాటి తొలి తెలుగు టాకీ భక్త ప్రహ్లాదలో సురభి కమలాబాయి నటించింది. 1936లో ద్రౌపది కథతో రెండు చిత్రాలు పోటీపడినప్పుడు ఒకదానిలో యడవల్లి, మరొకదానిలో బళ్లారి రాఘవ దుర్యోధన పాత్ర ధరించారు. రంగస్థలం నిలబెట్టిన పేర్లే తెర మీద కూడా పోటీకి నిలిచాయి.

4. ప్రతిఘటన, దాని పరిమితి

ఈ ధోరణిని ఎదిరించినవారు లేకపోలేదు. రాగం కన్నా భావప్రకటనకు ప్రాధాన్యమిచ్చిన బళ్లారి రాఘవ (1880–1946) ఒకరు. ఏలూరులో న్యాయవాదిగా ఉంటూ ప్రభాత్ థియేటర్స్ నడిపిన బందా కనకలింగేశ్వరరావు పద్యాన్ని అర్థస్ఫూర్తితో చదవాలన్న దారిలో నడిచారు. 1929లో తెనాలిలో ఏర్పడిన ఆంధ్ర నాటక కళాపరిషత్తు క్రమంగా పోటీల సంప్రదాయాన్ని పెంచి, రచన, దర్శకత్వం, సమష్టి నటన అనే కొలమానాలను నెలకొల్పింది. అయితే పరిషత్తు నాటకం న్యాయనిర్ణేతకు, నాటకాభిమానికి దగ్గరైనంతగా తిరునాళ్లకు వచ్చే రైతుకు, కూలీకి దగ్గర కాలేకపోయింది. వారు కంట్రాక్టు నాటకంతోనే మిగిలారు.

5. లాభనష్టాలు

నష్టం తక్కువది కాదు. దర్శకుడి స్థానం ఖాళీ అయింది. చిన్న పాత్రలు అలంకారప్రాయమయ్యాయి. పేరున్న నటుడికీ, వికర్ణుడి వేషం కట్టిన నటుడికీ మధ్య పారితోషికంలోనూ మర్యాదలోనూ అంతరం పెరిగింది. లాభం కూడా తక్కువది కాదు. జమీందారీ పోషణ అంతరించాక నటుడికి కూడు పెట్టింది టిక్కెట్టే. అక్షరం రానివారి నాలుకపై సైతం తిరుపతి వేంకటకవుల పద్యం నిలవడానికి పాఠశాల కన్నా ఈ పందిళ్లే ఎక్కువ కారణం.

'ఒకప్పటి స్వచ్ఛత' గురించిన భ్రమ మనకే పరిమితం కాదు. ఇంగ్లండులో పాడిరైతు మైకేల్ ఈవిస్ 1970లో తన పొలంలో ఒక పౌండు టిక్కెట్టుతో, ఉచితంగా పాలు పోసి ప్రారంభించిన గ్లాస్టన్‌బరీ ఉత్సవాన్ని వ్యాపారం సోకని రోజులకు గుర్తుగా చెప్పుకొంటారు. కాని ఆ మొదటి ఏడాది కూడా ముందుగా పిలిచింది అప్పటికే ప్రసిద్ధమైన కింక్స్ బృందాన్ని. వారు రాకపోతే మార్క్ బోలన్ బృందం వచ్చింది. జనాన్ని రప్పించడానికి పెద్ద పేరు అక్కడా అవసరమైంది.

6. ముగింపు

కనుక వేదిక మీద పెద్ద పేరు ఉన్నదా లేదా అన్నది సరైన ప్రశ్న కాదు. ఆ పేరు జనాన్ని దేని దగ్గరకు చేర్చింది, వచ్చిన డబ్బు ఎవరెవరికి అందింది అన్నవి అడగవలసిన ప్రశ్నలు. కంట్రాక్టు నాటకం మొదటి ప్రశ్నకు గౌరవప్రదమైన సమాధానం చెప్పగలదు; నటుడి కోసం వచ్చినవాడు పద్యంతో ఇంటికి వెళ్లాడు. రెండవ ప్రశ్నకు అది తలవంచక తప్పదు. నేటి తిరునాళ్ల వేదికను కూడా ఈ రెండు ప్రశ్నలతోనే తూచాలి.

ఇందుకు ఆధారాలు గ్రంథాలయాల్లో కన్నా ఇళ్లలోనే ఎక్కువగా దొరుకుతాయి. కరపత్రంలో పేర్ల వరుస, అక్షరాల పరిమాణం, ఉత్సవ కమిటీల జమాఖర్చుల పుస్తకాలు, హార్మోనిస్టుల జ్ఞాపకాలు ఇంకా సాహిత్య చరిత్రకు ఎక్కవలసి ఉంది. చింతలపూడి, నూజివీడు, మైలవరం పరిసరాల్లో ఆ తరం కళాకారులు వృద్ధులయ్యారు. పేరున్నవారి చరిత్ర ఎలాగూ నిలుస్తుంది. వికర్ణుడి వేషం కట్టినవారిది మాత్రం, ఇప్పుడు సేకరించకపోతే మిగలదు.