బ్లాక్ అండ్ వైట్ మిన్‌స్ట్రెల్ షో

బ్రిటన్‌లో బీబీసీ 1958 నుంచి 1978 వరకు ప్రసారం చేసిన టెలివిజన్ పాటల కార్యక్రమం. తెల్లజాతి గాయకులు ముఖానికి నల్లరంగు పూసుకుని, కళ్ల చుట్టూ పెదవుల చుట్టూ తెల్లరంగు దిద్దుకుని అమెరికా దక్షిణాది పాటలు పాడేవారు. 1961లో మాంట్రూ ఉత్సవంలో దీనికి గోల్డెన్ రోజ్ బహుమతి వచ్చింది. జాతివివక్షను వ్యతిరేకించే ఒక సంస్థ 1967లో దీన్ని ఆపమని బీబీసీకి వినతిపత్రం ఇచ్చినా, మరో పదకొండేళ్లు సాగింది.

ఇది పాత సంప్రదాయమే, ఎవరినీ కించపరిచే ఉద్దేశం లేదన్నది సమర్థకుల వాదన. అయితే ఆ సంప్రదాయం పుట్టుకే దానికి జవాబు. 1830ల అమెరికాలో, బానిసత్వం చట్టబద్ధంగా ఉన్న రోజుల్లో, థామస్ రైస్ అనే తెల్లనటుడు నల్లవారి ఆటపాటలను వెక్కిరిస్తూ జిమ్ క్రో వేషం కట్టాడు. తర్వాత నల్లవారిని వేరుగా ఉంచే చట్టాలకు అదే పేరు స్థిరపడింది. వేసినవాడి మనసు ఎంత మంచిదైనా ఆ రంగులోని వెక్కిరింత చెరిగిపోదు. సంగీతం ఇచ్చిపుచ్చుకోవడంతోనే బతుకుతుంది కదా అన్న ఆక్షేపణ మాత్రం బరువైనదే. అయితే నల్లవారి బ్లూస్‌నే నేర్చుకున్న బ్రిటిష్ బృందం రోలింగ్ స్టోన్స్ 1965లో అమెరికా టెలివిజన్‌కు వెళ్లినప్పుడు నల్లజాతి బ్లూస్ గాయకుడు హౌలిన్ వుల్ఫ్‌ను వెంట రప్పించి పాడించారు. అక్కడ పాట అసలు గాయకుడు ప్రేక్షకుల ఎదుటే నిలబడ్డాడు. బీబీసీ వేదికపై అతని స్థానంలో రంగు మాత్రమే ఉంది.