పోలీసు చర్య (1948): చరిత్ర రచన

హైదరాబాద్ సంస్థానాన్ని భారత యూనియన్‌లో కలపడానికి 1948 సెప్టెంబరు 13 నుంచి 17 వరకు భారత సైన్యం జరిపిన దాడిని ప్రభుత్వం ‘పోలీసు చర్య’ అంది. సైన్యం దానికి పెట్టుకున్న పేరు ఆపరేషన్ పోలో. యుద్ధం అయిదు రోజుల్లో ముగిసింది. అప్పుడూ ఆ తర్వాతి వారాల్లోనూ పల్లెల్లో, పట్టణాల్లో జరిగిన హత్యలకు బాధ్యులెవరన్న చర్చ ఇప్పటికీ సాగుతూనే ఉంది.

నేపథ్యం

1947 నవంబరు 29న నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ భారత ప్రభుత్వంతో యథాతథ ఒడంబడిక చేసుకున్నాడు. విలీనం విషయం మాత్రం తేలలేదు. ఖాసిం రజ్వీ నాయకత్వంలో నిజాం పక్షాన నిలిచిన సాయుధ దళం రజాకార్లు ఊళ్ల మీద పడి దోచుకున్నారు, చంపారు. వాళ్లను ఎండగట్టిన ‘ఇమ్రోజ్’ పత్రిక సంపాదకుడు షోయబుల్లాఖాన్ 1948 ఆగస్టులో హత్యకు గురయ్యాడు. అదే నెలలో బైరాన్‌పల్లిలో గ్రామస్థులను సామూహికంగా కాల్చి చంపారు. మరోపక్క 1946లోనే మొదలైన రైతాంగ సాయుధ పోరాటం కమ్యూనిస్టుల నాయకత్వంలో నడుస్తోంది. భారత సైన్యం దాడి ముగిశాక, సెప్టెంబరు 18న నిజాం సేనాధిపతి ఎల్ ఎద్రూస్ లొంగిపోగా, మేజర్ జనరల్ జె.ఎన్. చౌదురి సైనిక గవర్నరుగా పాలన చేపట్టాడు.

తొలి రచనలు

ఈ చరిత్రను మొదట రాసినవారిలో ఎక్కువమంది అందులో పాత్రధారులే. సంస్థానాల శాఖ కార్యదర్శిగా పనిచేసిన వి.పి. మీనన్ 1956లో, హైదరాబాద్‌లో భారత ప్రతినిధిగా ఉన్న కె.ఎం. మున్షీ 1957లో తమ గ్రంథాలు వెలువరించారు. నిజాం చివరి ప్రధాని మీర్ లాయక్ అలీ 1962లో ఓడిన పక్షం వాదన వినిపించాడు. కక్షిదారుల వాంగ్మూలాలుగా ఇవి విలువైనవే గాని, వీటిలో సామాన్యుల చావులకు దక్కిన చోటు తక్కువ. బయటి పండితుల్లో విల్‌ఫ్రెడ్ కాంట్‌వెల్ స్మిత్ 1950లోనే హైదరాబాద్ ముస్లింల విషాదంపై వ్యాసం రాశాడు.

సుందర్‌లాల్ నివేదిక

ముస్లింల హత్యల వార్తలు ఢిల్లీకి చేరడంతో ప్రధాని నెహ్రూ పండిత్ సుందర్‌లాల్ నాయకత్వంలో ఒక బృందాన్ని పంపాడు. ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ ఇతర సభ్యులు. 1948 నవంబరు చివర మొదలుపెట్టి మూడు వారాలకు పైగా, 16 జిల్లాల్లో 9 తిరిగి సాక్ష్యాలు సేకరించారు. పోలీసు చర్య సమయంలోనూ, తర్వాతా కనీసం 27,000 నుంచి 40,000 మంది ప్రాణాలు కోల్పోయి ఉంటారని అంచనా వేశారు. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లోనే మృతులు 18,000కు తగ్గరన్నారు. కొన్నిచోట్ల సైనికులు, పోలీసులు కూడా లూటీలో, హత్యల్లో పాలుపంచుకున్నారని రాశారు. ముస్లిం పొరుగువారిని కాపాడిన హిందువుల ఉదంతాలనూ నమోదు చేశారు. నివేదిక దశాబ్దాల పాటు వెలుగు చూడలేదు. ఒమర్ ఖాలిదీ 1988లో సంకలనం చేసిన గ్రంథం ఈ విషయాన్ని మళ్లీ చర్చకు తెచ్చింది. 2013 నాటికి నివేదిక ఢిల్లీలోని నెహ్రూ స్మారక గ్రంథాలయంలో పాఠకులకు అందుబాటులోకి వచ్చింది.

పోరాట జ్ఞాపకం

తెలుగులో ఎక్కువగా పాదుకున్నది రైతాంగ పోరాట చరిత్ర. యూనియన్ సైన్యం వచ్చాక కూడా పోరాటం కొనసాగించడం సబబేనా అన్నదానిపై కమ్యూనిస్టు నాయకులు పుచ్చలపల్లి సుందరయ్య, రావి నారాయణరెడ్డి భిన్నాభిప్రాయాలతో రాశారు. పోరాటాన్ని విరమించింది 1951 అక్టోబరులో. 1986లో స్త్రీశక్తి సంఘటన వెలువరించిన ‘మనకు తెలియని మన చరిత్ర’ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటలనే ఆధారంగా తీసుకుని, మౌఖిక చరిత్రకు తెలుగులో దారి వేసింది.

ఇటీవలి పరిశోధన

ఎ.జి. నూరానీ (2013), సునీల్ పురుషోత్తం (2021) గ్రంథాలు రాజ్య బాధ్యతను ప్రధానాంశం చేశాయి. తెలుగు కవి, పరిశోధకుడు అఫ్సర్ మహమ్మద్ 2023లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ ముద్రణ సంస్థ ప్రచురించిన ఆంగ్ల గ్రంథంలో ఆనాటివారి జ్ఞాపకాలను, తెలుగు, ఉర్దూ సాహిత్యాన్ని పక్కపక్కన పెట్టి చదివాడు. నిజాం పాలనా పత్రాలకు ప్రధాన నిలయం హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్.

అంచనా

1956 రాష్ట్రాల పునర్విభజనలో, నివేదిక ప్రకారం ఎక్కువ ప్రాణనష్టం జరిగిన నాలుగు జిల్లాలు బొంబాయి, మైసూరు రాష్ట్రాల్లోకి వెళ్లాయి. తెలంగాణ జ్ఞాపకంలో రజాకార్ల దౌర్జన్యం, రైతుల తిరుగుబాటు నిలిచినంతగా ఆ హత్యాకాండ నిలవకపోవడానికి ఇదొక కారణం. సెప్టెంబరు 17ను 2022లో కేంద్రం విమోచన దినంగా, రాష్ట్ర ప్రభుత్వం సమైక్యతా దినంగా జరిపాయి. 2024లో రాష్ట్రం ప్రజా పాలన దినోత్సవంగా జరిపింది. రజాకార్ల నేరాలు ఆ తర్వాతి హత్యలకు సమర్థన కావు. ఆ హత్యలు రజాకార్ల నేరాలను తుడిచివేయవు. రెండింటినీ ఒకే పుస్తకంలో, ఒకే కొలమానంతో రాసినప్పుడే 1948 చరిత్ర పూర్తవుతుంది.